దీనమ్మ పాటా, మూడు డబ్బాలూ

ఆ గురువారం సాయంత్రం సువార్త మూడోసారి అదే మాట పడాల్సి వచ్చింది.

"పాట బాగుంది తల్లీ, కాదనను. కానీ ఇందులో మా అమ్మ లేదు," అంది ఎస్తేరు, హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెడుతూ.

మొదటిసారి అన్నప్పుడు సువార్త నవ్వి ఊరుకుంది. పాట చేయించుకునేవాళ్ళు ఏదో ఒక వంక పెడతారు, పెట్టకపోతే వాళ్ళకు నిద్ర పట్టదు. రెండోసారి మనసు చివుక్కుమంది. మూడోసారికి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ పాట మళ్ళీ పాడించడానికి లేదు.

చీరాలలో వాళ్ళ చర్చికి వెళ్ళే వాళ్ళెవరికైనా దీనమ్మగారి గొంతు తెలుసు. నలభై ఏళ్ళు పాటల బృందంలో ముందు వరసలో నిలబడి పాడిన మనిషి. ఆవిడకు గొంతులో జబ్బు చేసింది. స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు. ఆపరేషనుకు ముందురోజు ఆవిడ సువార్త ఇంటికి వచ్చి, తను సొంతంగా కట్టుకున్న పాట ఒకటి మైకు ముందు ఒకే ఒక్కసారి పాడింది. ఇంకోసారి పాడదామంటే నొప్పి పాడనివ్వలేదు. ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు ఏం కావాలన్నా పలకమీద రాసి చూపిస్తోంది. మొన్న ఆసుపత్రిలో రాసినదాన్ని ఫోన్లో ఫొటో తీసి తెచ్చింది ఎస్తేరు. వంకర అక్షరాలతో, "నా పాట ఏది?" అని ఉంది.

ఎస్తేరు ఆవిడకు ఒక్కతే కూతురు.

"శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. రాగానే వినిపించాలి. రేపు నాలుగింటికి మళ్ళీ వస్తాను. బాగా వస్తే సరే. రాకపోతే అమ్మ పాడింది పాడినట్టు ఇందులో వేసి ఇచ్చెయ్యి," అని ఒక పెన్‌డ్రైవ్ బల్లమీద పెట్టింది. "విజయవాడలో తెలిసిన స్టూడియో ఉందంటన్నాడు మా మరిది. ఏమీ అనుకోమాక. నాకు మిగిలింది అదొక్కటే కదా."

అనుకోవడానికి ఏముంది? సువార్తకు ఏడుపొచ్చింది. ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు దీనమ్మగారి చీర కుచ్చెళ్ళు పట్టుకుని బెంచీ ఎక్కి పాడింది తను. ఆవిడ గొంతు తన చేతుల్లో పడి చచ్చిందని కన్నకూతురే చెప్పి వెళ్ళింది. పైకి అంత మాట అనలేదు గాని, దాని అర్థం అదే.

ఆలోచించగా ఆలోచించగా సువార్తకు దోషి దొరికాడు. మౌసు.

ఆమె స్టూడియో అంటే ఇంటి ముందుగది. గోడలకు దుప్పట్లు, కిటికీకి పాత పరుపు, బల్లమీద ల్యాప్‌టాప్, ఒక మంచి మైకు. పాటలో ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ తగ్గించాలో తెరమీద గీత గీసి చెప్పాలి. మౌసుతో ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క. పెద్ద స్టూడియోల్లో అలా కాదు. వరసగా మీటలుంటాయి, ఫేడర్లంటారు. పాట నడుస్తుంటే వేలితో పైకీ కిందకీ జరుపుతూ పోవడమే. చేతిలో ఫేడరు లేకుండా, ఎలకతోక పట్టుకుని పాటకు ప్రాణం పొయ్యమంటే ఎవరి వల్ల అవుతుంది?

శుక్రవారం పొద్దున్నే బజార్లో వాద్యాల కొట్టు తెరవకముందే వెళ్ళి మెట్లమీద కూర్చుంది. కొట్టు ఆనందరావు మంచివాడు. ఫేడర్ల డబ్బాలు మూడు రకాలు తీసి ముందు పెట్టాడు. "మూడూ పట్టుకుపోయి చూసుకోండమ్మా. ఐదింటికల్లా రెండు నాకు చేర్చండి, ఒకటి ఉంచుకోండి," అన్నాడు.

మొదటిది చవకది. ఎనిమిది ఫేడర్లున్నాయి గాని ఒక్కొక్కటీ వేలెడు కూడా లేదు, ఒళ్ళంతా ప్లాస్టిక్కు. రెండోదానికి ఒకటే ఫేడరు, జానెడు పొడుగు. లోపల మోటారుంది. మనం ఒకసారి జరిపిన తీరు గుర్తుపెట్టుకుని రెండోసారి దానంతట అదే జరుగుతుంది. మూడోది ఎవరో వాడి అమ్మేసిన పెద్ద డబ్బా. ఎనిమిది మోటారు ఫేడర్లు, పైన వరసగా దీపాలు. చూడగానే సువార్త కళ్ళు దానిమీద పడ్డాయి. అది కావాలంటే మాత్రం ఇంట్లో ఉన్న మైకు తెచ్చి ఇచ్చెయ్యాలన్నాడు ఆనందరావు. దానికీ మనసులో సిద్ధపడిపోయింది.

కానీ తీరా కొన్నాక తప్పయితే? ఇంక ఒక్క పూటే ఉంది. తప్పటడుగు వెయ్యడానికి వ్యవధి లేదు. మూడు డబ్బాలూ, ల్యాప్‌టాపూ ఆటోలో వేసుకుని పేరాలలో సిలార్ మాస్టారింటికి బయల్దేరింది.

సిలార్ మాస్టారు ముప్పై ఏళ్ళు మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఫేడర్ల ముందు కూర్చుని వచ్చిన మనిషి. సువార్తకు ఈ విద్యలో ఓనమాలు దిద్దించింది ఆయనే. అయితే ఆయనతో ఒక చిక్కుంది. ప్రశ్న వేస్తే జవాబు చెప్పే రకం కాదు. చేరిన కొత్తలో, "మైకు ఎంత దూరంలో పెట్టాలి మాస్టారూ?" అని అడిగింది. వీధి తలుపు అవతలికి వెళ్ళి నించుని వాళ్ళ అమ్మను పిలిచినట్టు పిలవమన్నారు. తర్వాత తలుపు దగ్గరికి వచ్చి పిలవమన్నారు. తర్వాత ఆయన చెవి దగ్గర. అంతే, ఆ రోజుకు పాఠం అయిపోయింది. ఇంటికి పోయి మూడు రోజులు బుర్ర గోక్కుంది సువార్త.

ఇవాళ మాత్రం అలాంటివి కుదరవు. సూటిగా అడగాలి, సూటిగా చెప్పించుకోవాలి అనుకుంటూ లోపలికి వెళ్ళింది.

మాస్టారు వంటింట్లో ఉన్నారు. ప్రతి శుక్రవారం సేమియా పాయసం చేసి, నమాజయ్యాక ఇరుగుపొరుగు ఇళ్ళకు పంచడం ఆ ఇంటి ఆనవాయితీ. భార్య పోయాక ఆ పని ఆయనే చేస్తున్నారు.

"ఏందమ్మా ఇది, పెళ్ళికూతురి సారెలాగా మోసుకొచ్చావు?" అన్నారు డబ్బాలు చూసి.

సువార్త మూడూ మంచంమీద పరిచింది. ఎస్తేరు అన్న మాట దగ్గర్నుంచి ఆనందరావు పెట్టిన గడువు దాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. "నాలుగింటికి ఎస్తేరక్క వచ్చేస్తది మాస్టారూ. ఈ మూడిట్లో ఏది తీసుకోమంటారో చెప్పండి చాలు. మళ్ళీ ఏమీ అడగను."

మాస్టారు డబ్బాల వంక చూడనే లేదు.

"పాట ఎంతసేపు?"

"నాలుగు నిమిషాల నలభై సెకన్లు."

"ఇట్రా."

స్టవ్ మీద వెడల్పు గిన్నెలో పాలు కాగుతున్నాయి. ఆయన పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చారు.

"గిన్నె అంచుదాకా పొంగు రావాలి. వచ్చి అక్కడే నిలవాలి. పొర్లకూడదు, కుంగకూడదు. నాలుగు నిమిషాల నలభై సెకన్లు. గిన్నె దించకూడదు, గరిటె పెట్టకూడదు, నీళ్ళు చిలకరించకూడదు. ఈ మంట తిప్పే నాబు ఒక్కటే నీది."

"మాస్టారూ, నాకు నిజంగా టైము లేదు."

"నాకూ లేదు. నమాజుకు పోవాల," అన్నారాయన.

పదకొండున్నరయింది. సువార్త పళ్ళు బిగబట్టి నాబు మీద చెయ్యి వేసింది. చిన్నప్పటినుంచి పాలు కాస్తూనే ఉంది, ఇదో పెద్ద పనా? ఫోన్లో గడియారం పెట్టి పక్కన ఆనించింది. ఒక నిమిషం బాగానే గడిచింది. ఎన్ని సెకన్లయ్యాయో చూద్దామని ఫోను వైపు తల తిప్పిందో లేదో, పాలు భళ్ళున పొర్లి స్టవ్ అంతా పారాయి. మంట చుర్రుమని ఆరింది.

మాస్టారు గుడ్డ తెచ్చి స్టవ్ తుడిచారు. గిన్నెలో ఇంకో ప్యాకెట్ పాలు పోశారు. మళ్ళీ వెలిగించి నాబు ఆమెకు అప్పగించారు.

ఈసారి సువార్త ఫోను బోర్లించింది. కన్ను ఆర్పకుండా పాలనే చూసింది. పొంగు లేవగానే తగ్గించింది, అది గభాలున కుంగిపోయింది. పెంచింది, ఎగిరింది. తగ్గించింది, మళ్ళీ పడిపోయింది. పైకీ కిందకీ, పైకీ కిందకీ. చెయ్యి ఎంత తొందరపడితే పాలు అంత గెంతుతున్నాయి. ఆ గెంతులు ఎక్కడో చూసినట్టనిపించింది. తన ల్యాప్‌టాప్ తెరమీద దీనమ్మగారి గొంతుకు తను చుక్కలు పెట్టి గీసిన గీత అచ్చం అలాగే ఉంటుంది. ఆ ఆలోచనలో ఉండగా నాబు మరీ తిప్పేసింది. మంట ఆరిపోయింది.

మాస్టారు గోడగడియారం చూసి, టోపీ పెట్టుకుని, చెప్పులేసుకున్నారు.

"ఏది కొనాలో చెప్పి వెళ్ళండి మాస్టారూ!"

"పాలున్నాయిగా ఇంకా," అని వీధిలోకి వెళ్ళిపోయారు.

సువార్తకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాట చెప్తే ఈయన సొమ్మేం పోతుంది? అక్కడ ఒక మనిషి గొంతు పోయి పలకమీద రాసుకుంటుంటే, ఇక్కడ ఈయనకు పాయసం కావాల్సి వచ్చింది! మూడు డబ్బాలూ చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. ఫోను మోగింది. ఆనందరావు.

"అమ్మా, ఏది ఉంచుకుంటన్నారు? పెద్దదానికి ఒంగోలు పార్టీ ఒకటి తగిలింది. మీరు ఊఁ అంటే మీకే."

ఊఁ అందామని నోరు తెరిచింది. ఆ డబ్బా తెచ్చి బల్లమీద పెట్టుకుంటుంది, సరే. దీపాలు వెలుగుతాయి, సరే. తర్వాత? ఆ ఎనిమిదింటిలో గొంతుకున్న ఫేడరు మీద వేలు పెట్టి ఏం చేస్తుంది? పైకీ కిందకీ. అంతే కదా ఇప్పటిదాకా చేసింది.

"కాసేపాగి చెప్తానండీ," అని ఫోను పెట్టేసింది. డబ్బాలు మళ్ళీ మంచంమీదకు చేర్చి, వేరే దారిలేక స్టవ్ దగ్గరికి వచ్చింది.

మూడోసారీ కుదరలేదు. నాలుగోసారీ కుదరలేదు. ముఖమంతా ఆవిరి, కళ్ళల్లోకి చెమట కారి మంట. కొంగుతో తుడుచుకుంటూ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. అప్పుడు వినపడింది.

కాగుతున్న పాలు అడుగున సన్నగా సుయ్‌మంటున్నాయి. ఇంతసేపూ అంటూనే ఉన్నాయి, తను వినలేదు. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది. చెయ్యి ఎందుకో నాబును రవ్వంత తగ్గించింది. కళ్ళు తెరిచి చూస్తే, అప్పుడు లేచింది పొంగు. మెల్లగా అంచుదాకా వచ్చి అక్కడ నిలబడింది.

సువార్త ఊపిరి బిగబట్టింది. చప్పుడు మళ్ళీ మొదలైంది. వెంటనే కొంచెం పెంచింది. ఆగబోయింది, తగ్గించింది. పాలు అంచును అంటిపెట్టుకుని కదలకుండా ఉన్నాయి. చెయ్యి ఇప్పుడు గింజంత కూడా జరగడం లేదు, అయినా పని జరుగుతోంది. పాలు లేవకముందే చేతికి తెలిసిపోతోంది.

"దించమ్మా ఇంక. అడుగంటుద్ది," అన్నారు వెనకనుంచి మాస్టారు. ఆయన ఎప్పుడు వచ్చారో, ఎంతసేపటినుంచి నించున్నారో ఆమెకు తెలీదు. గడియారం చూస్తే రెండవుతోంది.

మాస్టారు సేమియా వేయిస్తూ, "పాట పెట్టు," అన్నారు.

సువార్త ల్యాప్‌టాప్ తీసి ఆయన పాత స్పీకర్లకు తగిలించి, తను చేసిన పాట పెట్టింది. హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది, దీనమ్మగారి గొంతు వచ్చింది.

ఉప్పునీట నా పడవ ఊగులాడెనయ్యా,
ఒడ్డున నువ్వున్నావని తెడ్డు వేస్తినయ్యా...

మాస్టారు గరిటె తిప్పడం ఆపారు. తలవంచుకుని పాట మొత్తం విన్నారు. అయిపోయాక అడిగారు.

"ఈ తల్లి ఊపిరి తీసుకోదా?"

"తీసుకుంటది మాస్టారూ. చాలా గట్టిగా తీసుకుంటది. జబ్బు కదా, ప్రతి లైనుకీ ముందు ఏవో చప్పుళ్ళు. అవన్నీ నేను శుభ్రం చేసే..."

సగంలో ఆగిపోయింది. నాలుగు రోజులు కూర్చుని చేసిన పని అది. ఒక్కొక్క ఊపిరినీ వెతికి పట్టుకుని, కత్తిరించి, ఆ జాగాలో నిశ్శబ్దం అతికించింది. ఎక్కడా మచ్చ కనపడకుండా చేశానని తనలో తనే మురిసిపోయింది. ఇప్పుడు స్టవ్ పక్కన నించుని ఉంటే చెంపలు వేడెక్కిపోయాయి.

మాస్టారు మళ్ళీ గరిటె తిప్పుకుంటూ పోయారు.

సువార్త మంచం అంచున కూర్చుని, తను చేసినదంతా పక్కన పెట్టేసి, ఆ రోజు మైకులో పడింది పడినట్టుగా ఉన్న పాటను తెరిచింది. అన్నీ ఉన్నాయి అందులో. పెట్టి వినబోతుంటే మాస్టారు వంటింట్లోంచే అన్నారు.

"ముందు నువ్వు పాడు."

"నేనా?"

"మా థియేటర్లో పాట పాడి వినిపిస్తేనే ఫేడరు ముట్టుకోనిచ్చేవాళ్ళు. గొంతు బాగుండక్కర్లేదు."

సువార్త గొంతు సవరించుకుంది. పల్లవి పాడింది. మొదటి చరణం పాడింది. రెండో చరణంలో ఒక మాట తడబడి సర్దుకుంది. మూడో చరణం ఎత్తుకోబోతే ఏమీ తోచలేదు. ఎంత గింజుకున్నా మొదటి మాటే రాలేదు. పన్నెండు రోజులనుంచి ఆ పాట ముందే కూర్చుంది. పొద్దున లేస్తే అదే, పడుకుంటే అదే. ఏ సెకనులో ఏ అక్షరం ఉందో తెరమీద వేలు పెట్టి చూపించగలదు. పాట మాత్రం రాదు!

సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. దీనమ్మగారు ఆ రోజు పాడేసి, గొంతు పట్టుకుని కుర్చీలో వాలిపోయి, "ఎట్టుందే అమ్మాయ్?" అని అడిగింది. "సౌండు లెవెల్ బాగొచ్చిందండీ" అని చెప్పింది తను. ఆ జవాబు ఇప్పుడు గుర్తొస్తే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

తెర మూసేసి, మొదటినుంచి చివరిదాకా విన్నది. ఎక్కడా ఆపలేదు. మళ్ళీ విన్నది, ఈసారి పెదాలు కదుపుతూ. మూడోసారి దీనమ్మగారితో కలిసి పాడింది. ఆవిడ ఊపిరి తీసుకున్నచోట తనూ తీసుకుంది. పొడుగు లైనుకు ముందు ఊపిరి లోతుగా ఉంది, చిన్న లైనుకు ముందు పైపైన ఉంది. నొప్పి పుట్టే స్వరానికి ముందు ఆవిడ ఊపిరి వణికింది. ఏ లైను ఎంత లేవబోతోందో ఆవిడ ప్రతిసారీ ముందే చెబుతోంది. నాలుగోసారికి సువార్తకు పాట వచ్చేసింది.

మూడు గంటల ఇరవై నిమిషాలు. డబ్బాల దగ్గరికి వెళ్ళింది. ఏది అని ఈసారి మాస్టారిని అడగలేదు. చేతికి దగ్గరగా ఉన్నది విప్పింది. అది ఆ చవక ప్లాస్టిక్కుది. ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి, దీనమ్మగారి కత్తిరించని గొంతును హార్మోనియం, తబలాలకు జత చేసి, ఎనిమిదింటిలో మొదటి ఫేడరును ఆ గొంతుకు కలిపింది.

ఒకసారి చేసి చూసింది. రెండో చరణం దాకా చెయ్యి బాగానే నడిచింది. ఫేడరు మరీ పొట్టిది కావడంతో, గోరంత జరిపితే గొంతు బారెడు లేస్తోంది. మూడో చరణంలో వేలు జారింది. గొంతు ఒక్కసారిగా కేకలా మీద పడింది. ఆపేసింది. చెమట పట్టిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. ఇంకో అరగంట ఉంది కదా, రెండు మూడుసార్లు చేస్తే చెయ్యి కుదురుకుంటుంది అనుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎస్తేరు కనిపించింది. పరుగున వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"ఈడున్నావని మీ అమ్మ చెప్పింది. రేపు కాదంట, అమ్మను ఇయ్యాలే పంపించేశారు. కారు బయల్దేరిందంట. నేను ఇంటికి పోయి మంచం సర్దాల. ఏదీ ఆ పెన్‌డ్రైవ్? అమ్మ పాడింది వేశావా?"

"అక్కా, ఒక్కసారి విను."

"వినే టైము లేదు తల్లీ. మూడుసార్లు విన్నాను చాలదా?" ఎస్తేరు గొంతు గట్టిపడింది. "వేసి ఇచ్చెయ్. విజయవాడ వాళ్ళకు పంపిస్తాను."

"నాలుగు నిమిషాలక్కా. నచ్చకపోతే నేనే ఇచ్చేస్తాను. మళ్ళీ నిన్ను ఆపను."

ఎస్తేరు మాస్టారి వంక చూసింది. ఆయన కుర్చీ జరిపారు. ఆమె కూర్చోలేదు. చెప్పులు కూడా విప్పకుండా, వెళ్ళిపోయే మనిషిలా గుమ్మం పట్టుకుని నించుంది.

సువార్త దగ్గర చేసి దాచి ఉంచిన పాట ఏదీ లేదు. ఈ మనిషి ముందు, ఇప్పుడు, ఈ పొట్టి ఫేడరుతో చెయ్యాలి. చేసింది చేసినట్టే రికార్డవుతుంది. తప్పితే, ఆ తప్పే ఎస్తేరు చెవిన పడుతుంది, పాట గుమ్మం దాటిపోతుంది. మాస్టారి వైపు చూసింది, ఏదైనా చెబుతారేమోనని. ఆయన గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని ఉన్నారు.

తెరను సగానికి వంచేసి, పాట మొదలుపెట్టింది.

హార్మోనియం. తర్వాత దీనమ్మగారు ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు. సువార్త వేలు కదిలింది. గొంతు వచ్చి పల్లవిలో కూర్చుంది. ఎస్తేరు గాజులు గలగలమంటున్నాయి, కాలు నిలవడం లేదు ఆమెకు. సువార్త అటు చూడలేదు. ఊపిరి, వేలు, లైను. ఊపిరి, వేలు, లైను. మొదటి చరణం గడిచింది. తబలా పెరగబోతే గొంతును గింజంత ముందుకు జరిపింది. రెండో చరణం గడిచింది. గాజుల చప్పుడు ఎప్పుడు ఆగిందో సువార్త గమనించలేదు.

మూడో చరణానికి ముందు హార్మోనియం ఒంటరిగా కాసేపు నడుస్తుంది. నడిచి ఆగింది. వేలు మళ్ళీ చెమ్మగిల్లింది. ఇక్కడే జారింది ఇందాక. సువార్త ఊపిరి బిగబట్టి కాచుకుంది.

స్పీకర్లో దీనమ్మగారు గొంతు సవరించుకుంది. "ఉహుఁ... హుఁ" అని, రెండుసార్లు, ఇంట్లో పక్కగదిలోంచి ఎవరినో పిలవబోయే మనిషిలాగా.

"ఆఁ, వస్తన్నానమ్మా!" అంది ఎస్తేరు.

అని, గుమ్మం వదిలి గబుక్కున లోపలికి ఒక అడుగు వేసింది కూడా. వేశాక తెలిసింది ఆమెకు. అలాగే నిలబడిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు ఆ చేతిమీదుగా కారిపోతున్నాయి.

సువార్త తల తిప్పలేదు. తిప్పితే చెయ్యి తప్పుతుంది. తన కళ్ళల్లో నీళ్ళు కూడా తుడుచుకోలేదు. మూడో చరణం లేచింది, వేలు దాన్ని ఎత్తిపట్టుకుంది, నొప్పి పుట్టే స్వరం దగ్గర ఇంత జాగా ఇచ్చి వెనక్కి తగ్గింది. దీనమ్మగారు చివరి లైను పాడింది. ఊపిరి చాలక చివరి అక్షరం సగంలోనే సన్నబడి ఆగిపోయింది. హార్మోనియం ఆగింది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా వినపడింది, ఆ రోజు ఆవిడ వెనక్కి వాలినప్పటిది.

ఆ చివరి అక్షరాన్ని ఇంకాస్త ఎత్తి ఉండాల్సిందా? సువార్త వేలు ఫేడరు మీదే ఉంది. ఒక్క వెంట్రుకవాసి సరిచేద్దామా అన్నట్టు కదలబోయింది.

"ఇంక ముట్టుకోమాక," అన్నారు సిలార్ మాస్టారు.